నిమ్మచెట్టుకి అమ్మవారు పోసినప్పుడు

నేను అయిదో తరగతితో ఆగిపోయేనండి. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకుని చదవండి. మా అత్తగారి గురించి ఒక్కసారైనా చెప్పుకోవాలని ఉంది.

రాజోలు దగ్గర మా పెరట్లో రెండు నిమ్మచెట్లుండేవి. మా ఆయనది కొబ్బరి దింపు పని. వానల్లో చెట్టు జారుతుంది, పని ఉండదు. ఆ నెలలన్నీ నిమ్మకాయలమ్ముకునే తినేవాళ్ళం. తొంభై ఎనిమిదో తొమ్మిదో, ఆ ఏడు పెద్దచెట్టుకి ఆకులు, కొమ్మలు, కాయలు అన్నిటి మీదా గోధుమరంగు పొక్కులు లేచేయి. చెయ్యేస్తే గరుగ్గా తగిలేవి. సంతలో ఆ కాయ ఎవరూ ముట్టుకోలేదు.

మా అత్తగారు చూసి, "చెట్టుకి అమ్మవారు పోసిందే. కత్తి తగలనీకండి," అన్నారు. చెట్టు మొదట్లో వేపమండలు కట్టేరు. మనిషికి పోసినట్టే ఇంట్లో పోపు పెట్టడం మానేసేం. రోజూ పొద్దున్నే చెంబుతో పసుపునీళ్ళు చెట్టు పైనుంచి కొట్టేవారు. ఆవిడకి నడుం నొప్పెడితే నేను కొట్టేదాన్ని. కొన్నాళ్ళకి చిన్నచెట్టుకీ పొక్కులొచ్చేయి.

పక్కింటి కొబ్బరిచెట్లు చూడ్డానికి వ్యవసాయం ఆఫీసాయన వస్తే బతిమాలి పిల్చుకొచ్చేను. ఆకు ఎండకెత్తి చూసేరు.

"గజ్జి తెగులండి ఇది. కంటికి కనపడని సూక్ష్మజీవులు. పురుగు తొలిచిన దారిలో ఆకులోకి దూరి కాపురం పెడతాయి. ఈ ఒక్క పొక్కులో ఉన్న జనం మీ రాజోలు సంతలో కూడా ఉండరు. పైనుంచి నీళ్ళు కొడితే చింది పక్కచెట్టుకి పోతాయి."

"అయితే నేనే అంటించేనంటావా బాబూ?" అన్నారు అత్తగారు.

"మీరు కాదండి, నీళ్ళు."

"ఆయ్. నీళ్ళు వాటంతటవే చెంబులోకెక్కేయి మరి."

ఆయన నవ్వేసి, పొక్కులున్న కొమ్మలన్నీ కోసి కాల్చేయమన్నారు. తర్వాత మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టమన్నారు. కోయకపోతే రెండూ దక్కవన్నారు.

ఆయన వెళ్ళేక ఎవరం కత్తి పట్టలేదు. మా ఆయన, "అమ్మ ఊఁ అంటేనే," అని అరుగు మీద కూర్చుండిపోయేరు. నాకు వానాకాలం తిండి ఎలాగా అనే బెంగ.

మర్నాడు అత్తగారు తలకి పోసుకుని, తడిబట్టతోనే కత్తికి బొట్టుపెట్టి చెట్టుకింద నిలబడ్డారు. నేను దగ్గరికెళ్తే వెనక్కి తోసేరు.

"తల్లీ, కోపం వస్తే నామీదే పెట్టుకో. కోసేది నేను. నా కోడలి జోలికి రాకు."

మొదటి కొమ్మ ఆవిడే కోసేరు. అప్పుడు కత్తి మా ఆయనకిచ్చేరు.

పెద్దచెట్టు దక్కలేదండి. చిన్నది చిగిర్చి, మరుసటేడు కాసింది. దాంతోనే ఆ ఏటి వానలు గడిచేయి.

సూక్ష్మజీవులంటే ఆవిడకి ఆఖరిదాకా నమ్మకం కుదరలేదు. అమ్మవారేననేవారు. అలా అనుకుంటూనే, మా కంచంలోకి అన్నం రావాలని కోసేరు.