హైదరాబాద్‌కు పడిన మార్కులు

హైటెక్ సిటీలో మా ఆఫీసు రెండంతస్తులు ఖాళీ చేసింది. టెస్టింగ్ టీమ్ వాళ్లం ఎక్కడి నుంచైనా పనిచేసుకోవచ్చని చెప్పారు. ఆ వారంలోనే నేను ఎక్సెల్‌లో ఒక పట్టిక మొదలుపెట్టాను. ఎడమవైపు ఊళ్లు: లిస్బన్, చియాంగ్ మాయ్, పెనాంగ్, ఇంకా ఏడెనిమిది. పైన గడుల్లో ఇంటర్నెట్ వేగం, వీసా, ఒంటరి ఆడమనిషి సాయంత్రం పూట నడవగలదా, పెరుగు దొరుకుతుందా. ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు. నంద్యాల నుంచి చదువుకోసం వచ్చి, హాస్టళ్లు, పీజీలు, ఫ్లాట్లు అన్నీ కలిపి తొమ్మిది చోట్ల ఉన్నాను. తొమ్మిదోది కొండాపూర్‌లో ఒక పాత ఇంటి పైపోర్షన్. మధ్యలో పెళ్లయింది, రెండేళ్లకు ఇద్దరం గొడవేమీ లేకుండానే విడిపోయాం. నాకు కాలు నిలవదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అనేది. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో ఆ నిలకడలేనితనాన్ని ట్రాఫిక్ మీదికో, మేనేజరు మీదికో నెట్టేసేదాన్ని. ఇంట్లో కూర్చున్నాక నెట్టడానికి ఏమీ మిగల్లేదు. మీటింగ్ మధ్యలో మైకు ఆపేసి, ఎక్కడో కొండెక్కుతున్న ట్రాముల వీడియోలు చూసేదాన్ని. కుర్చీ కిటికీ దగ్గర వేసేదాన్ని, గంటకు మళ్లీ తలుపు దగ్గరికి జరిపేదాన్ని.

కింద ఉండే ఇంటి ఓనరమ్మ ఆ ఊళ్లోనే పుట్టిన మనిషి. మా వీధి జొన్నచేనుగా ఉన్నప్పుడు అందులో కలుపు తీసిందట. ఒకరోజు పళ్లెంలో సర్వపిండి పట్టుకుని పైకొచ్చి, నా స్క్రీన్ వైపు చూసింది.

"ఏందిది బిడ్డా? పొద్దుగాల సంది గదే చూస్తున్నవ్."

"ఏ ఊళ్లో ఉంటే బాగుంటుందో చూస్తున్నానాంటీ."

"ఈడ ఏం తక్కువైంది? నల్లా వస్తలేదా?"

"అన్నీ వస్తున్నాయి."

"మరింకేంది పరేషాన్?"

నేను ల్యాప్‌టాప్ మూశాను. ఆమె పళ్లెం బల్ల మీద పెట్టి, "పోతే పో. గదిల కొన్నొద్దులు ఎవ్వరిని పెట్టను. జర ఫోన్ చేస్తుండు" అని దిగిపోయింది.

ఎక్కువ మార్కులు పెనాంగ్‌కు వచ్చాయి. దూరం నుంచి పనిచేసేవాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి తెచ్చుకుని వెళ్లిపోయాను. మొదటి రెండు వారాలు బాగున్నాయి. పొద్దున్నే సముద్రం పక్కన నడిచి, ఫ్యాన్లు తిరిగే ఒక పాత కాఫీ హోటల్లో ల్యాప్‌టాప్ తెరిచేదాన్ని. అక్కడ నాలాంటివాళ్లు పదిమంది దాకా ఉండేవాళ్లు, తలా ఒక దేశం. ఎవరూ ఎక్కడి నుంచి వచ్చావని అడిగేవాళ్లు కాదు. తర్వాత ఎక్కడికి అని అడిగేవాళ్లు. మూడో వారానికి నేనూ అదే అడగడం మొదలుపెట్టాను. సముద్రం పక్కన నడుస్తూనే ఫోన్లో ఇంకో ఊరి అద్దెలు చూస్తున్నానని ఒకరోజు గమనించి, నా మీద నాకే విసుగొచ్చింది.

నేను బట్టలిచ్చే లాండ్రీ షాపు ఒక పెద్దావిడది. అరవై దాటి ఉంటాయి. ఒకరోజు అక్కడ నిలబడి ఫోన్లో మా ఓనరమ్మతో మాట్లాడుతుంటే, ఆమె ఇస్త్రీ ఆపేసి వింటోంది. ఫోన్ పెట్టగానే అడిగింది.

"తెలుగోళ్లా? ఏ ఊరమ్మా మీది?"

నంద్యాల అనాలా, హైదరాబాద్ అనాలా అని తడబడ్డాను. ఆమె మాత్రం తడుముకోకుండా, "మాది సికాకోలు" అంది, శ్రీకాకుళానికి పాత పేరుతో.

"ఎప్పుడైనా వెళ్లారా?"

"నేదమ్మా. మా తాత సెప్పినాడు. రబ్బరు తోటల్లోకి కూలికొచ్చినాడు. నానిక్కడే పుట్టినాను."

ఆ ఆదివారం భోజనానికి పిలిచింది. చేపల పులుసు, గోంగూరలాంటి ఏదో పుల్లటి ఆకుతో పప్పు పెట్టింది. ముప్పై ఏళ్ల కొడుకు ఉన్నాడు. ఇంట్లోంచే కంప్యూటర్ ఆటలకు బొమ్మలు గీసే పని చేస్తాడు. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడటానికి మాత్రం వెతుక్కుంటాడు. నా పని గురించి విని, మొహమాటంగా నవ్వి, తన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. అతని దగ్గరా ఒక పట్టిక ఉంది. వెళ్లి ఉండదగ్గ ఊళ్లు. నాలుగో వరసలో హైదరాబాద్.

ఇంటర్నెట్‌కు తొమ్మిది, తిండికి ఎనిమిది. నడవడానికి రెండు. చూడటానికి మూడు. పక్కన ఒక ముక్క రాసుకున్నాడు: అన్నీ అద్దాల మేడలే.

నాకు చర్రున కోపం వచ్చింది. అంత కోపం ఎందుకొచ్చిందో అప్పుడు తెలియలేదు.

"మూడేంటి? ఎక్కడ చూసి వేశావు?"

"వీడియోల్లో చూశాను" అన్నాడు.

ఇక మొదలుపెట్టాను. సాయంత్రం కూకట్‌పల్లి మార్కెట్లో ఆకుకూరల బుట్టల మధ్య నడవడానికి చోటుండదని, బేరాల్లో మూడు జిల్లాల యాసలు వినబడతాయని చెప్పాను. కొండాపూర్‌లో మేడల వెనక్కి వెళ్తే ఇంకా బర్రెలు కట్టేసిన ఇళ్లున్నాయని, మొదటి వాన పడగానే దుర్గం చెరువు రాళ్లు రంగు మారతాయని చెప్పాను. ఫుట్‌పాత్‌ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను.

"నడవడానికి రెండు సరిగ్గానే వేశావు" అన్నాను. "ఒకటి వేసినా తప్పులేదు."

పెద్దావిడ నవ్వింది. నా కంచంలో అన్నం చల్లారిపోయింది. ఆమె మళ్లీ వేడి పులుసు పోస్తూ, "అంత బాగుంటే ఎందుకొచ్చీసినావమ్మా?" అంది. ఎత్తిపొడుపు లేదు, తెలుసుకోవాలనే అడిగింది.

"బాగోక కాదు. ఒకచోట ఉంటే ఊపిరాడదు నాకు."

"మా తాతను కూలీల మేస్త్రీ తీసుకొచ్చినాడు. ఎల్లిపోదామన్నా పోనిచ్చీవోరు కాదు" అంది. "నిన్నెవరు తీసుకొచ్చినారు?"

అడిగేసి కొడుక్కి ఇంకో చేపముక్క వేసింది. నేను మాత్రం ఆ పూట గదికి వెళ్లి, చేసేదేమీ లేక, ఉన్న రెండు సంచులూ విప్పి మళ్లీ సర్దాను.

నెల తిరక్కుండా ఆ అబ్బాయి మెసేజ్ పెట్టాడు, హైదరాబాద్‌లో గది దొరుకుతుందా అని. మా ఓనరమ్మకు ఫోన్ చేశాను. నా సామాను ఇంకా పైనే ఉంది.

"తెలుగొస్తదా?" అంది.

"కొంచెం కొంచెం వస్తుంది."

"కారం తింటడా?"

"తింటాడు."

"గట్లయితే రమ్మను. మరి నువ్వొస్తే ఏడుంటవ్?"

ఆ మాట నేను ఆలోచించనే లేదు. ఆఖరికి అక్కడా కాలు నిలవక తిరిగొచ్చి, మదీనాగూడలో హైవే పక్కన చిన్న ఫ్లాట్ తీసుకున్నాను. అది పదోది.

అతను వచ్చిన మూడో నెలలో వాళ్లమ్మ కూడా వచ్చింది. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడానికి నేనూ వెళ్లాను. కారు బయల్దేరిన కాసేపటికి ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఆ బోర్డు మీద ఏటి రాసుంది?" అంది. ఆమెకు తెలుగు చదవడం రాదని నాకు అప్పుడే తెలిసింది.

"టిఫిన్లు, భోజనాలు" అని చదివాను.

"అది?"

"పిల్లల దవాఖాన."

"అది?"

"ఇల్లు కిరాయికి ఇవ్వబడును. శాకాహారులకు మాత్రమే."

గచ్చిబౌలి దాటి కొండాపూర్ వచ్చేదాకా చదువుతూనే ఉన్నాను. కోచింగ్ సెంటర్లు, చీరల షాపులు, చెత్త వేయరాదు అని గోడ మీది రాతలు. ఆమె ఒక్కటీ వదలనివ్వలేదు. నా గొంతు ఎండిపోయింది. ఎక్కడికి చేరుతున్నామన్న ధ్యాస ఆ గంటసేపు నాకు లేదు.

ఆమె కొడుకును వెంటబెట్టుకుని శ్రీకాకుళం వెళ్లి, మూడు రోజులుండి, పలాస జీడిపప్పు సంచితో తిరిగొచ్చింది. చుట్టాలెవరూ దొరకలేదంది. బాధపడినట్టు మాత్రం కనిపించలేదు. వారం తర్వాత తన షాపుకు వెళ్లిపోయింది. కొడుకు ఇంకో ఆరు నెలలు ఉంటానన్నాడు. మా ఓనరమ్మ అతన్ని కూరగాయలకు పంపుతోంది, అతను బేరం కూడా ఆడుతున్నాడట.

నేను మదీనాగూడలోనే ఉన్నాను. కుర్చీ ఇప్పటికీ రోజుకు రెండుసార్లు జరుపుతాను. పోయిన వారం అద్దె ఒప్పందం ఇంకో ఏడాదికి రాసిస్తావా అని ఇంటివాళ్లు అడిగితే, ఆరు నెలలకు రాయమన్నాను.