స్టెంచ్ అంటే చచ్చిన ఎలుక

రాయపూరు రైల్వే క్వార్టర్స్‌లో ఉండే రోజుల్లో మా అమ్మాయికి పాఠం చెప్పడానికి ఒక స్టూడెంటు కావాల్సొచ్చింది. దొరికింది నేనే. నా చదువు ఐదో తరగతి, అదీ తెలుగులో. ఇంగ్లీషు స్కూల్లో టీచరమ్మ వాసనల మాటలు నేర్పుతుంటే, ఇది ఇంటికొచ్చి వంటింట్లో నన్ను నిలబెట్టి అవి నాకు నేర్పేది. ఒప్పు చెబితే ‘సహీ’, తప్పు చెబితే ‘గలత్’ అనేది, అక్కడి హిందీలో.

కాఫీపొడి డబ్బా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టేది. “ఇది అరోమా. తినేవాటికీ తాగేవాటికీ.” మల్లెపూలు ఫ్రాగ్రెన్స్. వానకి తడిసిన గోనెసంచి మస్టీ. ఆవపిండి ఘాటుకి కళ్ళల్లో నీళ్ళొస్తే పంజెంట్. నాకు తెలిసినంతలో అన్నీ వాసనే, మరీ భరించలేకపోతే కంపు. ఇన్ని మాటలెందుకు వీళ్ళకి అని విసుక్కున్నా, సరదాగానే ఉండేది.

“స్టింక్ అంటే?” అని అడిగింది ఒకరోజు.

“మీ నాన్న సాక్సులు.”

“సహీ! స్టెంచ్?”

“అవీ సాక్సులే.”

“గలత్! దానికన్నా జాదా అమ్మా. స్టెంచ్ అంటే చచ్చిన ఎలుక. ముక్కు మూసుకుని పారిపోవాలంతే.”

ఒక ఆదివారం, వాల్తేరు బండిలో మా అన్నయ్య పంపిన ఎండుచేపలు, నెత్తళ్ళు, వేపుతున్నాను. మా ఊళ్ళో ఆ వాసన తగిలితే ఇంకో గుప్పెడు బియ్యం పొయ్యాల్సిందే. సరిగ్గా అప్పుడే ఊళ్ళోనే ఉన్న తెలీబంధా పేట నుంచి మా అమ్మాయి స్నేహితురాలు చెప్పాపెట్టకుండా వచ్చింది. గుమ్మంలోనే చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మా అమ్మాయి నావైపు చూడకుండా, నాకు రాదన్న ధీమాతో ఇంగ్లీషులో అంది: “సారీ ఫర్ ద స్టెంచ్.”

నాకు అర్థమైంది. నేర్పింది తనే కదా. సిగ్గుతో చచ్చిపోయాను. పొయ్యి ఆర్పేసి, మూకుడు మీద పళ్ళెం బోర్లించి, కిటికీ తీసి, నా కొంగు నేనే వాసన చూసుకున్నాను. ఆ పిల్లకి మంచినీళ్ళు కూడా చెయ్యి చాచి దూరం నుంచే అందించాను.

ఆ తర్వాత ఎండుచేపల జోలికి పోలేదు. మా ఆయన “ఏటి, నెత్తళ్ళు అయిపోయేయేటి?” అని అడిగితే, పురుగు పట్టిందని అబద్ధమాడాను. పిల్లని నిలదీద్దామని నోటిదాకా వచ్చేది. అడిగితే దాని ముందు ఇంకా చిన్నదాన్నైపోతానని మింగేసేదాన్ని.

పరీక్ష ముందు రోజు సాయంత్రం నా ఎదురుగా కూర్చుని మాటలన్నీ అప్పజెప్పింది. అరోమా, ఫ్రాగ్రెన్స్, మస్టీ, పంజెంట్, స్టింక్. అక్కడితో పుస్తకం మూసేసింది.

“ఒకటి వదిలేసేవే,” అన్నాను.

“ఏటి?”

“స్టెంచ్. చచ్చిన ఎలుక.”

నా ముఖంలోకి చూసింది. ఆ ఆదివారం తనన్నది నాకు అర్థమైందని దానికి అప్పుడే తెలిసింది. తల దించేసుకుంది. ఎత్తకుండానే “సహీ” అంది.

ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఆ తల అలా వంగాలనే. వంగాక చూడలేకపోయాను. మూకుడు మీద పళ్ళెం బోర్లించిన రోజు కూడా నాకంత సిగ్గు వెయ్యలేదు.