చెయ్యి అడ్డం పెట్టిన గడి

డెబ్బైల చివర్లో, కళ్యాణదుర్గం నుంచి అనంతపురం పోయే బస్సులో లా కాలేజీ దరఖాస్తు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజే ఆఖరు తేదీ. డిగ్రీ ఎన్నిసార్లు తప్పారో రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. పెన్ను మూత తీస్తూ, పెడుతూ, చివరికి ఆ గడికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

కోర్టుకు పోతున్న ముసలామె పక్కనుంచి తొంగిచూసింది. "ఏమ్మా, ఆడ చెయ్యి అడ్డం పెట్టినావే?"

"రెండుసార్లు తప్పినానవ్వా. రాస్తే సీటియ్యరు."

"నా చేను కేసు తొమ్మిదేండ్లుగా వాయిదా పడతానే ఉండాది. నువ్వూ వాయిదా పడిందని రాయి."

"అది అబద్ధం!" గయ్యిమన్నాను.

"మూసిపెట్టేది మాత్రం నిజమా, వకీలమ్మా?"

కుదుపుల్లోనే 'రెండు' అని రాసేశాను. సీటు ఆఖరి జాబితాలో వచ్చింది.

ఇప్పటికీ కక్షిదారు ఎవరైనా నా ముందు కూర్చుని కథ మొదలుపెడితే, మొదట వాళ్ల చెయ్యి ఎక్కడుందో చూస్తాను.