తిడితేనే పలికిన పిల్ల

రాక్షసుల బొమ్మల కథలు చదివితే పిల్లలు జడుసుకుంటారని నిన్న నా పోస్టు కింద మా చెల్లెలు సరోజ రాసింది. తప్పు సరోజా. జడుసుకునేది చదివి వినిపించినవాళ్లు.

ఇవాళ మధ్యాహ్నం ఐదేళ్ల మనవరాలు చిన్నికి నా పాత బొమ్మల పుస్తకం చదివాను. అందులో రాక్షసి నానమ్మ గొంతుతో పిల్లను పిలుస్తుంది. పలికితే మింగేస్తుంది. కోరల బొమ్మ చూసి చిన్ని పకపకా నవ్వింది.

నేను టీ పెట్టుకుని వచ్చేసరికి పిల్ల లేదు. గేటు బార్లా తెరిచి ఉంది, బయట రోడ్డు మీద బస్సులు. "చిన్నీ, నా బంగారమా, రా తల్లీ" అంటూ ఇల్లంతా, గల్లీ అంతా తిరిగాను. ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ లోపలికొచ్చాను. ఇక ఆగలేక అరిచాను.

"ఏడ సచ్చినవే గాడిదా? దొరికితే ఈపు చింతపండైతది!"

ఇనుప బీరువాలోంచి సన్నటి గొంతు. "ఈడున్న నానమ్మా! తలుపు వస్తలేదు!"

తీసేసరికి పిల్ల చెమటతో తడిసి ముద్దయింది.

"అన్నిసార్లు పిలిస్తే పలకవేందే?"

"గంత మంచిగ పిలిచినవ్ గద! రాక్షసి అనుకున్న. తిట్టినంక నువ్వే అని ఎరుకైంది."

నా నోటి దురుసు గురించి ఫిర్యాదులున్నవాళ్లు ఇప్పుడు మాట్లాడండి, వింటాను. గేటుకు గడియ పెట్టి వచ్చాకే ఇది రాస్తున్నాను.

సరోజా, ఆ బీరువా తాళంచెవి పోయి ఏళ్లయింది. రేపు వచ్చేటప్పుడు రెజిమెంటల్ బజార్‌లో దిగి, తాళాలు చేసేవాణ్ని వెంటబెట్టుకుని రా. తాళం పడేదాకా కథలు బంద్ అన్నాను. చిన్ని ఇప్పటినుంచే నీ కోసం గేటు దగ్గర కూర్చుంది, జెర జల్ది రా.