ఫ్లెక్సీ ఎక్కిన నక్షత్రం

ఇబ్రహీంపట్నం చౌరస్తాలో ఒక నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలకూ, ఒక బిర్యానీ హోటల్ ప్రకటనకూ మధ్య నా ఫోటో వేలాడిన రోజున బస్సులో తల వంచుకుని కూర్చున్నాను. ఫ్లెక్సీలో మా ప్రిన్సిపాల్ మొహం నా మొహానికి నాలుగింతలుంది. పక్కన అయిదు కోణాల పసుపుపచ్చ నక్షత్రం. మేం కనుక్కున్నామని డప్పు కొట్టుకున్న నక్షత్రానికి ఆ రంగూ లేదు, ఆ ఆకారమూ లేదు. దాన్ని మేం కనుక్కోనూ లేదు.

నేను ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. వినేవాళ్లు తక్కువ. పాఠాలయ్యాక మిగిలే సమయమంతా కొన్నేళ్లుగా ఒక ముసలి నక్షత్రానికే ఇచ్చాను. అది మన పాలపుంత నడిబొడ్డు దగ్గర ఉంది. చివరి దశలో ఉబ్బుతూ, కుంచించుకుపోతూ, దానితోపాటే వెలుగుతూ మసకబారుతూ ఉంటుంది. మధ్యలో దుమ్ము వల్ల కంటికి కనిపించదు గానీ, దాని పరారుణ కాంతి ఆ దుమ్మును దాటి వస్తుంది. దూరదేశాల టెలిస్కోపులు పట్టిన ఆ కాంతి కొలతలను ఎవరైనా ఇంటర్నెట్‌లో దించుకోవచ్చు. ఒకసారి వెలిగి, మసకబారి, మళ్లీ వెలగడానికి పట్టే గడువు తెలిస్తే అది ఎంత దూరంలో ఉందో లెక్క కట్టొచ్చు. నా నక్షత్రానిది మహా నిదానం. పైగా ఏటా చలికాలంలో సూర్యుడు అడ్డొచ్చి కొన్ని నెలలు అసలే దొరకదు. నా దగ్గర అది పైకెక్కిన సగమే ఉంది. దిగడం చూడాలి.

ఈ ఓపిక మా ప్రిన్సిపాల్‌కు లేదు. కాలేజీకి గుర్తింపు ఇచ్చే కమిటీ తనిఖీకి రాబోతోంది.

"మేడమ్, మీ పేపర్ ఏమైంది?"

"ఇంకా సగమే అయింది సార్. దిగేది గూడ చూడాలె."

"ఎక్కింది గదా! దిగకుంట యాడికి పోతది? జర ఆ గ్రాఫ్ పంపుండ్రి, ఫైల్ల పెట్టుకుంట."

ఫైలు కోసమంటే పంపాను. ఆయన ఆ ఎక్కిన సగాన్నే పూర్తి గడువుగా రాసి, తన పేరు ముందూ నా పేరు వెనకా తగిలించి, ఏది పంపినా అచ్చేసే ఒక పత్రికకు పంపేశారు. గడువు తగ్గితే లెక్కలో దూరమూ తగ్గుతుంది. పాలపుంత నడిబొడ్డున ఉన్నదాన్ని ఈ మహానుభావుడు దాదాపు సగం దారికి లాక్కొచ్చారు.

ఒళ్లు మండిపోయింది. నాకంటూ ఉన్నది ఆ ఒక్క పనే. ఇలాంటి నక్షత్రాల మీద పనిచేసేవాళ్లు ప్రపంచంలో కొద్దిమందే. వాళ్లు నా పేరు మొదటిసారి చూసేది ఈ చెత్త మీద.

అది అచ్చయ్యాక కాలేజీలో పెట్టిన సన్మాన సభలో మైకు నా చేతికిచ్చారు. "ఈ లెక్క తప్పు. చూసింది సగమే," అని చెప్పేశాను. చప్పట్లు మోగాయి. మా సభల్లో మైకు కింద పెడితే చాలు, చప్పట్లు కొడతారు. కాలేజీ చైర్మన్ శాలువా కప్పారు. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న ప్రిన్సిపాల్ ఇటు వంగి, "మస్తు మాట్లాడిన్రు మేడమ్," అన్నారు.

మరుసటి ఏడు కొత్త కొలతలు వచ్చాయి. నక్షత్రం ఎవరి ఫ్లెక్సీనీ లెక్కచేయకుండా తన తీరున తాను దిగింది. నేను నా ఒక్కదాని పేరుతో అదే పత్రికకు సవరణ పంపాను. ఏది పంపినా అచ్చేస్తారు కదా, అదీ అచ్చేశారు.

ప్రిన్సిపాల్ పిలిపించారు. ఉద్యోగం ఊడిందనే అనుకుని, టేబుల్ సొరుగు ఖాళీ చేసి మరీ వెళ్లాను. ఆయన మిఠాయి డబ్బా తెరిచి పెట్టుకుని కూర్చున్నారు.

"ఇంకో పేపర్ అచ్చయిందంట గదా! చెప్పనే లేదు. నా పేరు పెట్టిన్రా లేదా?"

"పెట్టిన సార్. మొదటి లైన్లనే ఉంది."

"గట్ల ఉండాలె!" అని నాకో లడ్డూ ఇచ్చారు.

గత వ్యాసంలోని తప్పు లెక్క ఎవరిదో, పేరుతో సహా చెప్పే వాక్యమది. ఆయన అప్పుడూ చదవలేదు, ఆ తర్వాతా చదవలేదు.

వారం తిరక్కుండానే చౌరస్తాలో ఆ రెండో పేపర్ పేరిట ప్రిన్సిపాల్ కొత్త ఫ్లెక్సీ లేచింది. ఈసారి దాంట్లో నా ఫోటో లేదు. బస్సు దిగి, ఎదురుగా నిలబడి, తీరిగ్గా చూశాను.