మొహమాటంతో ఎక్కిన మంచుబండి

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తన ప్రాణం కంటే బాసు మొహంలో చిరునవ్వే ముఖ్యమనిపిస్తుంది. నాకైతే మరీను. జర్మనీలోని హానోవర్‌లో ఎమ్మెస్ ముగించి, ఆ ఊళ్ళోనే ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. మొదటి ఆరు నెలలూ ప్రోబెట్సైట్, అంటే నచ్చకపోతే రెండు వారాల నోటీసిచ్చి సాగనంపేసే కాలం. ఉద్యోగం పోతే, ఆ దేశంలో ఉండనిచ్చే బ్లూ కార్డుకీ గండమే. అందుకని మా టీమ్ లీడు తుమ్మినా నావల్లేనేమోనని కంగారుపడేవాణ్ణి. ఆయనకి గుబురు మీసాలు. ఇంట్లో మేం ‘మీసాలాయన’ అనుకునేవాళ్ళం. (మేం అంటే నేనూ, నాతో ఫ్లాటు పంచుకున్న కరీంనగర్ అన్నా.)

మీసాలాయనకి ఆదివారం ఫుట్‌బాల్ ఒక వ్రతం. టీవీలో కనిపించే జట్లు కాదు, ఆయన పుట్టిన పల్లెటూరి జట్టు. పైనుంచి దిగుతూ వస్తే ఏడో డివిజనో, ఎనిమిదో. “వస్తావా?” అన్నాడు, వెళ్ళాను. స్టేడియం అంటే ఒక మైదానం, చుట్టూ ఇనప కమ్మీ, కమ్మీని ఆనుకుని ఓ అరవై మంది, ఒక కుక్క. కుక్క ఒక్కటే ఆట చూస్తోంది. మిగతావాళ్ళు రిఫరీని తిడుతున్నారు. (ఆయన ఆ ఊరి పళ్ళ డాక్టరట. అయినా భయపడకుండా తిట్టారు.)

హాఫ్‌టైమ్‌లో ఆటగాళ్ళ తల్లులు ఇంట్లో చేసిన కేకులు తెచ్చి అమ్ముతారు. “కేకు తింటావా?” అన్నాడు మీసాలాయన. పొద్దున్నుంచీ నా కడుపులో ఏమీ లేదు. అయినా మా గోదావరి జిల్లాలో మొదటిసారి అడగ్గానే తింటానంటారా ఎవరైనా? “అబ్బే, వద్దండీ” అన్నాను, రెండోసారి అడగ్గానే చెయ్యి చాపుదామని. ఆయన “సరే” అని తన ముక్క తాను తినేసి మూతి తుడుచుకున్నాడు. తర్వాతి ఆదివారమూ అంతే. మూడో ఆదివారం చలికి కాళ్ళు కొయ్యబారిపోయి, ఆకలికి కళ్ళు తిరుగుతూ ఇల్లు చేరాను.

కరీంనగర్ అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఏంది తమ్మీ, నిన్ను బతిమిలాడి పెట్టనీకి ఆయన మీ మేనత్తనా? ఈడ ఒక్కసారే అడుగుతరు. వద్దంటే వద్దనే. రేపటి సంది ఏదడిగినా మొదటిసారికే ‘యా’ అను. ఖతం!”

మర్నాడు మీటింగు చివర మీసాలాయన అందరివైపూ చూసి, “నా దగ్గర బాబ్‌స్లెడ్‌కి రెండు టికెట్లున్నాయి, ఎవరైనా...” అన్నాడు.

“యా!” అన్నాను, ప్రశ్న పూర్తికాకుండానే.

అదేమిటో సాయంత్రం వీడియో చూశాక తెలిసింది. మనిషిని తొట్టిలాంటి దాంట్లో కుక్కి, గడ్డకట్టిన మంచు కాలువలోంచి కొండ కిందికి తోసేస్తారు. ఆటగాళ్ళనే కాదు, చూడ్డానికొచ్చిన టూరిస్టుల్నీ వదలరు.

“రానని చెప్పరాదు” అన్నాడు అన్న.

“మాట మీద నిలబడడు అనుకోడూ? ప్రోబెట్సైట్ ఇంకా నెల ఉందన్నా!”

“గట్లయితే సావు” అని పప్పు కలుపుకోవడంలో పడ్డాడు.

రెండు వారాల తర్వాత శనివారం, కొండ మీద. ముందు ఒక ఫారం ఇచ్చారు. గుండె బాగుందా, వెన్ను బాగుందా, మెడ బాగుందా అని వరసగా అడిగారు. బుద్ధి బాగుందా అని మాత్రం అడగలేదు. సంతకం పెట్టాను. మీసాలాయన పొద్దున్నుంచీ ఒక్క మాటా మాట్లాడలేదు. నామీద ఏదో కోపం వచ్చిందని, ఇక నా పని అయిపోయిందని ఖాయం చేసుకున్నాను. ముందు బండి నడిపేవాడు, వెనక నేను, నా వెనక మీసాలాయన, చివర బ్రేకువాడు. తోసేశారు.

మొదటి మలుపులో నా తల మోకాళ్ళ మధ్యకి వెళ్ళింది. చివరిదాకా మళ్ళీ పైకి రాలేదు. తిరుపతి వెంకన్నకి గుండు మొక్కుకున్నాను. నా చెవి పక్కన ఎవరో “అమ్మా!” అని జర్మన్‌లో కేకలు పెడుతున్నారు. నేను తెలుగులో అరుస్తున్నాను కాబట్టి అది నేను కాదు.

కింద దిగి హెల్మెట్ తీసేసరికి మీసాలాయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఇది మా ఆవిడ ఇచ్చిన పుట్టినరోజు కానుక” అన్నాడు రొప్పుతూ. “తను మాత్రం రానంది. ఆఫీసులో కూడా ఎవరూ రాకపోతే హాయిగా మానేద్దామనుకున్నాను. నువ్వేమో ఎగిరి గంతేసి యా అన్నావు.”

“అయ్యో, వద్దులే అని ఉండొచ్చు కదండీ!”

“ఎలా అంటాను? ప్రోబెట్సైట్‌లో నువ్వు కూడా రెండు వారాల నోటీసిచ్చి వెళ్ళిపోవచ్చు. నీలాంటి మనిషి దొరకడానికి మాకు ఏడాది పట్టింది. నిన్ను నిరాశపెడితే ఎక్కడ వెళ్ళిపోతావోనని భయమేసింది.”

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎవరు ముందు నవ్వారో గుర్తులేదు. మంచులో చతికిలబడి, కళ్ళల్లోంచి నీళ్ళు కారేదాకా నవ్వాం.

ఇప్పుడు నాకూ ఒక టీమ్ ఉంది. కొత్తగా చేరినవాళ్ళు నేను ఏమడిగినా భయంభయంగా తలూపుతారు. నాకూ మీరంటే అంతే భయం నాయనా అని చెప్పాలనిపిస్తుంది, చెప్పను. మంచుబండి ఎక్కమని ఎవరైనా పిలిస్తే మాత్రం వెంటనే నడుం నొప్పి అంటాను. ఉద్యోగం పక్కా అయింది, కాగితాలన్నీ పక్కా అయ్యాయి, ధైర్యమే ఎక్కడో జారిపోయింది. అంత భయపడుతూ కూడా ఎక్కేశాడు చూడండి, అప్పటి నేననే ఆ వెర్రివెధవంటే నాకు ఇప్పటికీ కాస్త ఈర్ష్య.