టీచరమ్మ తెచ్చిన ఇనప స్టూలు

పోయిన సోమవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. మా లెక్కల టీచరమ్మ ఇక లేరు. చెప్పింది ఆవిడ భర్త, ఉక్కు ఫ్యాక్టరీలో వెల్డరుగా చేసి రిటైరైన పెద్దాయన. "నిద్దర్లోనే ఎల్లిపోయిందమ్మా. నువ్వొత్తే బాగుంటాది" అని ఫోన్ పెట్టేశారు. ఏడుస్తూనే గాజువాక బస్సెక్కాను. ఏడుపు కంటే కోపం ఎక్కువగా ఉంది. ఆ కోపం ఎందుకో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. రాయడమంటే, నేను చెబుతుంటే ఫోన్ టైపు చేస్తోంది. అక్షరాలు ఇప్పటికీ నా మాట వినవు.

నాకు డిస్లెక్సియా. చిన్నప్పుడు ఆ పేరు మా ఇంట్లో ఎవరూ విన్లేదు. అమ్మకి పాత ఊళ్ళో ఎండుచేపల కొట్టు. నేను ఒక పేరా కూడబలుక్కుని చదివేలోగా పక్కపిల్లలు పాఠం ముగించేసేవారు. లెక్క ఎవరైనా చదివి వినిపిస్తే మాత్రం జవాబు నోట్లో సిద్ధంగా ఉండేది. అయినా బళ్ళో నాకు మొద్దు అనే పేరు స్థిరపడిపోయింది. లెక్క రాస్తూ పైకి చదవడం టీచరమ్మ అలవాటు. ఎనిమిదో తరగతిలో ఒకసారి గొంతు పట్టేసి, వారంపాటు చదవకుండా బోర్డు మీద రాసి ఊరుకున్నారు. ఆ వారం నాకు ఒక్క లెక్కా రాలేదు. ఏళ్ళ తరబడి ఎవరికీ పట్టని సంగతి ఆవిడకి అక్కడ దొరికింది. అదేంటో తేల్చడానికి ఆసుపత్రికి కూడా ఆవిడే తీసుకెళ్ళారు.

అలాగని గారం చేశారనుకునేరు. స్పెల్లింగు తప్పులకి ఎర్రపెన్ను తీసేవారు కాదు గానీ, లెక్కలో ఒక్క స్టెప్పు ఎగ్గొడితే సగం మార్కులు ఎగిరిపోయేవి. టీ గ్లాసూ సుద్దముక్కా ఒకే చేతిలో ఉండేవి, టీలో సుద్దపొడి పడినా తాగేసేవారు. ఆవిడ ముందు "పాపం" అనకూడదు. నన్ను చూసి ఆ మాట అన్న ఇంకో టీచరుతో, "పాపమెందుకండీ, పని చూడండి" అన్నారు.

తొమ్మిదిలో అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌కి పరీక్ష పెట్టారు. అందులో చేరితే పెద్ద లెక్కలు నేర్పుతారు. నాకు ఆ లెక్కలంటే ఆకలి. టీచరమ్మ ప్రశ్నలు చదివి వినిపించారు, నేను చేశాను. అందరికంటే నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. ప్రిన్సిపాల్ సారు టీచరమ్మనీ నన్నూ అమ్మనీ పిలిపించి, చదివి వినిపించడం కాపీ కిందికే వస్తుందన్నారు.

"క్విజ్ పోటీల్లో మైకు పట్టుకుని ప్రశ్నలు సదివేది మీరే గదా సార్" అన్నారు టీచరమ్మ. కోపమొస్తే ఆవిడ నోట ఊరి మాట వచ్చేసేది. "మరి దాన్నేటంటారు?"

సారు మాట మార్చారు. సాయం కావాలంటే మామూలు సెక్షన్‌లో ఉండాలి, అడ్వాన్స్‌డ్ కావాలంటే సాయం లేకుండా చదవాలి, రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకోమన్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "లెగు, ఎల్లిపోదాం" అంది. టీచరమ్మ అమ్మ భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టారు.

"రెండూ కావాలి సార్. తెలివీ ఈ పిల్లదే, ఇబ్బందీ ఈ పిల్లదే. సగం పిల్లని ఏ సెక్షన్లో ఏత్తారు?"

ఆఖరికి సారు, బ్యాచ్‌లో బెంచీలు ఖాళీ లేవన్నారు. మర్నాడు టీచరమ్మ ఇంటి నుంచి ఇనప స్టూలు మోసుకుంటూ బస్సు దిగారు. పాత కడ్డీలతో భర్త చేసిపెట్టిన స్టూలది. తిన్నగా సారు గదికెళ్ళి, "ఎక్కడెయ్యమంటారు సార్?" అని అడిగారు. వెయ్యొచ్చా అని అడగలేదు. సారు ఫైళ్ళు తిరగెయ్యడం మొదలెట్టేసరికి, ఆవిడే తీసుకెళ్ళి ఆ బ్యాచ్ గదిలో బోర్డుకి దగ్గరగా వేశారు. ఒక కాలు పొట్టి, కదిలితే టక్కుమనేది. పదో తరగతి అయ్యేదాకా నేను దానిమీదే కూర్చుని ఆ లెక్కలన్నీ నేర్చుకున్నాను. రిజల్ట్స్ వచ్చాక బడి గేటుకి ఫ్లెక్సీ కట్టారు. అందులో నా ఫొటో, సారు ఫొటో. టీచరమ్మ తలెత్తి చూసి, "ఫొటోలో స్టూలు పడ్లేదేటి?" అన్నారు.

తరవాత రిటైరయ్యేదాకా నాలాంటి పిల్లల కోసం ఆవిడ ప్రతి బ్యాచ్‌కీ పోట్లాడారు. కొందరికి చోటు దొరికింది. కొందరిని బడి వాళ్ళు సాగనంపేశారు. వాళ్ళ సంగతి ఎత్తితే చాలు, ఆవిడ టీ తాగడం ఆపేసేవారు.

సమాధుల తోటలో ఎవరో "పాపం, మంచి మనిషి" అన్నారు. ఆవిడ లేచొచ్చి తిట్టాల్సింది. నా కోపం మాత్రం అక్కడ మొదలు కాలేదు. మధురవాడలో మా పక్క ఫ్లాట్ పిల్లకీ నాలాగే డిస్లెక్సియా, ఆ ఫోన్ రావడానికి ముందు వారమే ఇంకో బళ్ళో అదే మాట చెప్పారు, రెండిట్లో ఒకటి తేల్చుకోమని. ఆ సంగతి టీచరమ్మకి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. ఈలోగా ఈ కబురు వచ్చింది.

వాళ్ళింటికొచ్చాక ఆ సంగతి పెద్దాయనకి చెప్పాను. ఆయన వంటింట్లోకెళ్ళి, మంచినీళ్ళ బిందె దించి, దాని కిందున్న, టీచరమ్మ రిటైరయ్యాక ఇంటికి తిరిగొచ్చిన ఆ స్టూలే తెచ్చి నా ముందు పెట్టారు. "నాను సేసిందే. గట్టిది. అట్టుకెళ్ళు" అన్నారు.

నిన్న ఆ పిల్లతో, వాళ్ళమ్మతో కలిసి బడికి వెళ్ళాను. స్టూలు ఎక్కడ వెయ్యమంటారని అక్కడి ప్రిన్సిపాల్ని అడిగాను. ఆలోచించి చెబుతామన్నారు. సరే, అందాకా ఇక్కడుంటుందని అడ్వాన్స్‌డ్ క్లాసు గుమ్మంలో స్టూలు వేశాను. పిల్ల కూర్చుంది. లోపల ఎవరో సారు బోర్డు మీద లెక్క వేస్తున్నారు.

"ఆంటీ, ఒక కాలు ఊగతంది" అంది.

ఊగనీ అన్నాను. అటెండరు వచ్చి తలుపు వెయ్యబోయాడు. స్టూలు అడ్డం. పిల్ల లేవలేదు.